వంతకు చోటు: బొగ్గుబాయిల దగ్గర రికార్డులు విన్న చరిత్ర

ఆమధ్య గోదావరిఖనిలో ఒక సాహిత్య సమావేశం ముగిసి అందరం చాయ్ తాగుతున్నాం. ఎం.ఏ. తెలుగు చదువుతున్న ఒక యువమిత్రుడు నన్నడిగాడు: "సార్, యాభై ఏండ్ల సంది పాటలు వింటున్నరు గదా. మాలాంటోళ్ళు తప్పకుండ వినాల్సిన ఆల్బమ్‌లు ఒక పది చెప్పుండ్రి." అప్పటికప్పుడు నోటికొచ్చిన నాలుగు పేర్లు చెప్పి తప్పించుకున్నాను. ఇంటికొచ్చాక ఆ నాలుగు పేర్లూ నాకే మింగుడుపడలేదు. అవి చెడ్డ రికార్డులని కాదు, ఆ జాబితా నాది కాదు. రికార్డు ప్లేయరూ, దాన్ని పెట్టుకోవడానికి ఒక గదీ, ఆ గదిలో నలభై నిమిషాలు కదలకుండా కూర్చునే తీరికా ఉన్నవాళ్ళు తయారుచేసిన జాబితాను నేను ఎక్కడో చదివి ఒప్పజెప్పాను. నేను పాట విన్న చోటు వేరు, విన్న తీరు వేరు. ఆ తేడాను దాచిపెట్టి అభిప్రాయాలు చెబితే అది విమర్శ అనిపించుకోదు. ఆ మిత్రుడికి ఇవ్వవలసిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

నేను సంగీతం చదువుకున్నవాణ్ణి కాదు. రాగం పేరు అడిగితే పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు చెబుతాను. ఒక భూగర్భ గని మీద లాంప్ రూంలో ముప్ఫై మూడేళ్ళు పనిచేశాను. షిఫ్టుకు దిగే ప్రతి కార్మికుడూ టోకెన్ ఇచ్చి క్యాప్ ల్యాంపు తీసుకోవడానికి నా కిటికీ ముందు నిలబడాల్సిందే. ఆ వరుసలో ఫిల్లర్లు, టింబర్‌మెన్, ట్రామర్లు తీసిన కూనిరాగాలే నాకు తెలిసిన సంగీత విమర్శ. ఏ రికార్డు గొప్పదో పత్రికలు చెప్పేవి, ఏ రికార్డు ఎంత దూరం నడిచిందో నా కిటికీ చెప్పేది. ఇంకొక సంగతి కూడా అక్కడే తెలుసుకున్నాను. దిగేముందు కూనిరాగం తీసిన మనిషి ఎక్కివచ్చాక తీయడు. షిఫ్టు అయ్యాక ల్యాంపు తిరిగిచ్చే చేతికి పాట గుర్తుండదు. శ్రమలోంచి పాట పుడుతుందని మనం సులువుగా రాసేస్తుంటాం. వరినాట్ల విషయంలో అది నిజం. బొగ్గుబాయి లోపల ఆ మాట చెల్లదు. అక్కడ పైకప్పు చప్పుడు వినాలి, సర్దార్ కేక వినాలి. చెవి ఖాళీగా ఉంటేనే ప్రాణం దక్కుతుంది. బొగ్గు కార్మికుడి పాట బాయి బయటే పుట్టింది, హోటల్లో, పెళ్ళిపందిట్లో, క్వార్టర్ల మధ్య సందులో. అందువల్ల ఇక్కడ పాట చరిత్ర అంటే చాలావరకు వినడం చరిత్ర.

నా కొలబద్ద ఏమిటో ముందే చెబుతాను, తర్వాత తగాదా ఉండదు. బుర్రకథలో కథకుడు ఒక్కడే కథ చెప్పడు. అటొకరు ఇటొకరు డక్కీలతో వంతలు ఉంటారు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు పాడిన చరణాన్ని అందుకోవడంతో వాళ్ళ పని తీరిపోదు. అదెట్లా అని అడుగుతారు, అనుమానపడతారు, నవ్వుతారు, కథను ఆపి ఊరి సంగతిలోకి లాగుతారు. షేక్ నాజర్ 1940లలో ప్రజానాట్యమండలి వేదికల మీద ఈ రూపానికి పదునుపెట్టాడు. 1954లో వచ్చిన అగ్గిరాముడు సినిమాలో ఆయన అల్లూరి సీతారామరాజు కథ చెప్పాడు. మా దగ్గర ఒగ్గుకథలోనూ అంతే, ప్రధాన కథకుడి మాటను పట్టుకునే గొంతు పక్కనే లేకపోతే మల్లన్న కథ అడుగు ముందుకు పడదు. కాబట్టి ఏ రికార్డునైనా నేను అడిగే ప్రశ్న ఒకటే. ఇందులో వంతకు చోటుందా? వినేవాడు నోరు తెరవడానికి వీలుందా, లేక వాడు చెవి మాత్రమేనా?

ఆల్బమ్ అనే మాట సంగతి చూద్దాం. నిమిషానికి డెబ్భై ఎనిమిది చుట్లు తిరిగే పాత ప్లేటుకు ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాల పాట పట్టేది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పటి నుంచీ మన సంగీతం ఆ మూడు నిమిషాల పెట్టెలో ముడుచుకు పడుకోవడం నేర్చుకుంది. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పుకునేది, విన్నవాళ్ళకు పాడిందెవరో తెలియాలి గదా. అలాంటి ప్లేట్లు కొన్నింటిని ఫొటోల పుస్తకంలాగా అట్టల మధ్య కుట్టి అమ్మితే దాన్ని ఆల్బమ్ అన్నారు. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చి, పుస్తకమంతా ఒక్క ప్లేటు మీదికి చేరాక కూడా పేరు మాత్రం మిగిలిపోయింది.

బొగ్గు గురించి నాకు తెలిసిన తొలి ఆల్బమ్ ఆ పుస్తకం రూపంలోనే వచ్చింది. 1947లో అమెరికాలో మెర్ల్ ట్రావిస్ పేరిట క్యాపిటల్ కంపెనీ విడుదల చేసిన 'ఫోక్ సాంగ్స్ ఆఫ్ ది హిల్స్'. ట్రావిస్ కెంటకీ రాష్ట్రంలో బొగ్గు కార్మికుడి కొడుకు. కంపెనీ వాళ్ళు జానపద పాటలు కావాలన్నారు. అతని దగ్గర ఉన్నవి చాలలేదు, అందుకని కొన్ని తానే కొత్తగా రాసి జానపదాల్లో కలిపేశాడు. వాటిలో 'సిక్స్‌టీన్ టన్స్' ఒకటి. కంపెనీ దుకాణంలో అప్పుపడి, ఆ అప్పు తీరక చావడానికి కూడా తీరిక లేని కార్మికుడి గోడు అది. అప్పట్లో ఆ ఆల్బమ్ ఎవరూ పెద్దగా కొనలేదు. 1955లో టెనెసీ ఎర్నీ ఫోర్డ్ చిటికెలు వేస్తూ అదే పాట పాడితే దేశమంతా మోగింది. ఈ రెండూ నాకు ఒక ఇంజనీరు మిత్రుడు క్యాసెట్ మీద వినిపించాడు. ఫోర్డ్ గొంతు గొప్పది, అనుమానం లేదు. ఐతే ట్రావిస్ పాటకు ముందు గిటారు మీటుతూ నాలుగు మాటలు మాట్లాడతాడు, బాయి దగ్గరి మనుషుల సంగతి చెబుతాడు. ఆ మాట్లాడే గొంతులో నాకు మన కథకుడు వినిపించాడు. ఫోర్డ్ దగ్గరికి వచ్చేసరికి ఆ మాటలు పోయి చిటిక మిగిలింది. చిటిక కూడా వంతే కదా అని ఆ మిత్రుడు వాదించాడు. నేను ఒప్పుకోలేదు. చిటిక వేసేవాడు ప్రశ్న అడగలేడు.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇల్లెందు దగ్గర 1871లో విలియం కింగ్ బొగ్గు కనిపెట్టాడు, 1920లో సింగరేణి పేరుతో కంపెనీ ఏర్పడింది. ఐతే రామగుండం, గోదావరిఖని వైపు గనులు వచ్చింది 1960 ప్రాంతంలో. అంటే మా ఊరు గ్రామఫోను కన్నా చాలా చిన్నది. గ్రామఫోను పెట్టె చుట్టూ కుటుంబమంతా కూర్చునే దశ మాకు లేనే లేదు. ఈ ఊరు లౌడ్ స్పీకర్ల కాలంలో పుట్టింది. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల నుంచి, ఉత్తరాది నుంచి మనుషులు గుడిసెల్లోకీ, తర్వాత క్వార్టర్లలోకీ వచ్చారు. మొదట విన్నది హోటల్ రేడియో. 1952లో కేస్కర్ మంత్రిగా వచ్చి ఆకాశవాణిలో సినిమా పాటలను తగ్గించి తరిమేస్తే జనం సిలోను రేడియోకు పోయారనీ, 1957లో వివిధభారతి పెట్టి వాళ్ళను వెనక్కి పిలవాల్సి వచ్చిందనీ చదువుకున్నాం. మా ఊరు పుట్టేసరికి ఆ తగాదా తీరిపోయింది. మాకు వేరే తగాదా ఉండేది. మూడు షిఫ్టుల ఊళ్ళో ఒకడి పాట ఇంకొకడి నిద్ర. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకున్నవాడు పక్కింటి రేడియో మీదికి చెప్పు విసరడం నేను చూశాను. సంగీతాభిరుచి గురించి రాసే పండితులు ఈ చెప్పును లెక్కలోకి తీసుకోరు.

పెళ్ళిళ్ళకు మైకుసెట్టు వచ్చేది. మైకుసెట్టు వాడి పెట్టెలో ముందు నాటకం పద్యాల ప్లేట్లు, ఘంటసాల పుష్పవిలాపం, తర్వాత సినిమా పాటలు. పాండవోద్యోగ విజయాల పద్యాలకు ఉన్న గిరాకీ ఈ తరానికి చెబితే నమ్మరు. నాటకం పందిట్లో జనం 'వన్స్‌మోర్' అని అరిస్తే నటుడు ఆ పద్యాన్ని మళ్ళీ ఎత్తుకునేవాడు, ఈసారి రాగాన్ని ఇంకొంచెం సాగదీసి. అది ప్రేక్షకుడి హక్కు. ప్లేటుకు ఆ కేక వినపడదు. కానీ మా వాళ్ళు ఆ హక్కును వదులుకోలేదు, మైకుసెట్టు పిల్లగాడి మీద అరిచేవాళ్ళు, వాడు ముల్లు ఎత్తి వెనక్కి పెట్టేవాడు. జాతరల్లో రికార్డింగ్ డ్యాన్సులుండేవి. రికార్డు పాడుతుంటే స్టేజీ మీద మనిషి ఆడతాడు, కింద జనం ఈలలు వేస్తారు. అశ్లీలమని మనం చాలా రాశాం. చాలావరకు నిజమే రాశాం. రికార్డును ఒంటరిగా వదలకుండా దాని పక్కన ఒక మనిషిని నిలబెట్టాలన్న ఆరాటం అందులో ఉందని మాత్రం రాయలేదు.

ఇప్పుడు ఘంటసాల భగవద్గీత. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఏ ఆల్బమ్ ఎక్కువగా మోగిందని అడిగితే, ఇష్టం ఉన్నా లేకపోయినా, దీని పేరే చెప్పాలి. 1974 ఫిబ్రవరిలో కన్నుమూసిన ఘంటసాల తన చివరి కాలంలో పాడింది. 1942 ఉద్యమంలో జైలుకు వెళ్ళిన మనిషి, పద్యాన్ని నాటక ఫక్కీ నుంచి తప్పించి మామూలు మనిషి చెవికి తెచ్చిన గాయకుడు. ఆయన శ్లోకం పాడి, వెంటనే తెలుగులో తాత్పర్యం చెబుతాడు. కళాదృష్టితో చూస్తే ఆ రికార్డులో నన్ను పట్టింది ఆ వచనమే. తొందర లేదు, మెరుపు లేదు, ఒక్క అక్షరం కూడా జారిపోదు. తెలుగు వచనం ఎట్లా చదవాలో మన రేడియో వార్తల కన్నా అదే బాగా నేర్పింది.

1981 ప్రాంతంలో ఒక సభలో నేను దీని మీద నిప్పులు చెరుగుతూ వ్యాసం చదివాను. కర్మ సిద్ధాంతానికి మైకు పెట్టారన్నాను, చప్పట్లు పడ్డాయి. కొద్ది నెలలకు మా పక్క లైనులో ఒక టింబర్‌మన్ చనిపోయాడు. ఇంటి ముందు చాపలు పరిచి ఆ రికార్డు పెట్టారు. పెట్టమన్నది ఎవరో కాదు, సభలో నాకు చప్పట్లు కొట్టిన అతని తమ్ముడే. నేను అతని మొహం చూశాను, అతను నా మొహం చూడలేదు. ఆనాటి నుంచి ఇవాళ్టి దాకా ఈ ప్రాంతంలో ఆ గొంతు వీధిలోంచి వినిపిస్తే ఎవరు పోయారని అడుగుతారు తప్ప ఏ అధ్యాయమని అడగరు. నా పాత ఆక్షేపణను నేను పూర్తిగా వెనక్కి తీసుకోవడం లేదు. ఆ రికార్డులో వంతకు చోటు లేదు. ప్రశ్నించే అర్జునుడి మాటలు కూడా ఘంటసాల గొంతులోనే వస్తాయి, చాపమీద కూర్చున్నవాళ్ళు తలలు వంచుకుని వినడమే. ఐతే ఆ గంటలో వాళ్ళకు ఏ మాటా నోట రాదు, తమకు బదులు ఎవరో ఒకరు మాట్లాడటమే కావాలి. అది నాకు వ్యాసం రాసేటప్పుడు తెలియదు.

కొలబద్దను తికమకపెట్టే రికార్డు మరొకటుంది. 1977 సంక్రాంతికి వచ్చిన దానవీరశూరకర్ణ. దాని పాటలు కాదు, సంభాషణలు. 1975 షోలే మాటల్ని పాలిడార్ వాళ్ళు రికార్డుగా తెచ్చి కోట్లమందికి గబ్బర్‌సింగ్‌ను కంఠస్థం చేయించినట్టే, కొండవీటి వెంకటకవి రాసిన సుయోధనుడి మాటలు మొదట ప్లేట్ల మీదా తర్వాత క్యాసెట్ల మీదా ఊరూరా తిరిగాయి. సమాసాల మీద సమాసాలు, ఊపిరి తీసుకోవడానికి సందివ్వని వాక్యాలు. వంతకు చోటెక్కడ? కానీ నా కిటికీ ముందు వరుసలో నేను ఎక్కువసార్లు విన్నది ఆ మాటలే. అందులోనూ మయసభ ఘట్టం కన్నా, కర్ణుడి కులం అడిగిన పెద్దలను సుయోధనుడు నిలదీసే ఘట్టం. బడి మొహం చూడని ఒక ఫిల్లరు, మాదిగవాడలో పుట్టినవాడు, ఆ గ్రాంథికమంతా తప్పు లేకుండా అప్పగించేవాడు. ఒక్కొక్క ప్రశ్న దగ్గర ఆగేవాడు. వెనక నిలబడ్డవాళ్ళు 'అడుగు కాకా, అడుగు' అని ఎగదోసేవాళ్ళు. రాజరిక వైభవాన్ని పొగిడే సినిమా అని మనం కొట్టిపారేసిన దానిలోంచి, తమకు కావలసిన ముక్కను వాళ్ళు విరుచుకుపోయారు. రికార్డు చోటివ్వకపోతే జనం గోడకు కన్నం వేసుకుంటారు.

శంకరాభరణం (1980) గురించి మన పత్రికల్లో చాలా సిరా ఖర్చయింది. పాశ్చాత్య సంగీతం, సినిమా సంగీతం కలిసి శాస్త్రీయ సంగీతాన్ని చెడగొడుతున్నాయని బాధపడే సినిమా అది. ఆ బాధను కె.వి. మహదేవన్ సినిమా పాటలుగానే వినిపించాడు. శాస్త్రీయ శిక్షణ పొందని ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడాడు, జాతీయ బహుమతి తెచ్చుకున్నాడు. ఆ రికార్డు అమ్ముడుపోయిందీ సినిమా పాటల దుకాణంలోనే. సినిమా వాదించినదాన్ని దాని రికార్డే ఓడించింది. కచేరీ గడప తొక్కని మా వాళ్ళు ఆ పాటలను తమకు చేతనైనంత ఎత్తుకు పాడుకున్నారు. పై స్థాయి అందని చోట నవ్వేసి వదిలేసేవాళ్ళు. అప్పుడు దాన్ని బ్రాహ్మణీయ పునరుద్ధరణ అని ఒక్క మాటలో తేల్చినవాళ్ళలో నేనూ ఉన్నాను. సినిమా గురించి ఆ మాట ఇప్పటికీ అంటాను. రికార్డు గురించి అనలేను.

దాదాపు అదే కాలంలో మాభూమి వచ్చింది. గౌతమ్ ఘోష్ దర్శకత్వం, బి. నర్సింగరావు నిర్మాణం. అందులో దొరను నిలదీసే బండి యాదగిరి పాటను గద్దర్ గొంగడి వేసుకుని పాడతాడు. పసులుగాసే పిల్లవాడి మీద సుద్దాల హనుమంతు రాసిన పాటను సంధ్య పాడింది. ఆర్కెస్ట్రా లేకపోవడమే ఆ పాటల బలమని అందరం రాశాం. నాకు అంతకన్నా ముఖ్యమనిపించింది వేరే ఉంది. ఆ పాటలు సినిమాకు ముప్ఫై ఏళ్ళ కిందటివి. మా అవ్వ సినిమా హాల్లో తెరతోపాటు పాడింది. పక్కవాళ్ళు ఊరుకోమన్నా ఆమె ఊరుకోలేదు. ఆమెకు అది కొత్త పాట కాదు, తెరే ఆమెకు వంత పాడింది.

క్యాసెట్ రావడంతో కథ మారింది. ఫిలిప్స్ కంపెనీ 1963లోనే తెచ్చినా, మన దగ్గర అది జనం చేతికి వచ్చింది 1980ల్లో. కరీంనగర్ జిల్లా పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు పోయినవాళ్ళు తిరిగి వస్తూ టూ ఇన్ వన్‌లు తెచ్చారు. గుల్షన్ కుమార్ టీ సిరీస్ చౌక క్యాసెట్లతో హెచ్.ఎం.వి. గుత్తాధిపత్యం బీటలు వారింది. పాట రికార్డు కావాలంటే మద్రాసుకో కలకత్తాకో పోనక్కరలేదు. ఖాళీ క్యాసెట్ ఉంటే చాలు, ఎవరైనా మీట నొక్కవచ్చు. అచ్చు యంత్రం తర్వాత మన సంస్కృతిలో అంతటి మార్పు ఇదేనని నా ఉద్దేశం. దీన్ని మన విమర్శ సరిగా పట్టించుకోలేదు, ఎందుకంటే మనం పుస్తకాల మనుషులం.

టూ ఇన్ వన్‌లతోపాటు నాజియా హసన్ డిస్కో దీవానే (1981) కూడా మా లైనులోకి వచ్చింది. లండన్‌లో పెరిగిన పదహారేళ్ళ పాకిస్తాన్ పిల్ల, సంగీతం చేసింది బెంగుళూరులో పుట్టిన బిద్దు. సామ్రాజ్యవాద సంస్కృతి అని మేము మొహం తిప్పుకున్నాం, మా తమ్ముళ్ళు దానికి ఎగిరారు. ఇప్పుడు చెవులు పెట్టి వింటే ఒకటి తెలుస్తుంది. ఆమె గొంతును రెండుసార్లు రికార్డు చేసి ఒకదాని మీద ఒకటి అతికించారు. ఆమె గొంతుకు ఆమె గొంతే వంత. తోడు ఎవరూ అక్కరలేని పాట అది. పల్లె విడిచి వచ్చి, క్వార్టర్ల మధ్య ఎవరూ లేక తిరిగే కుర్రవాడికి అది అంత దగ్గరగా ఎందుకు అనిపించిందో నాకు ఇప్పుడు కొంచెం అర్థమవుతున్నది. జగ్‌జీత్, చిత్రా సింగ్‌ల ది అన్‌ఫర్గెటబుల్స్ (1976) ఉర్దూ తెలిసిన స్నేహితుల ఇళ్ళల్లో విన్నాను. గజల్‌కు ముషాయిరాలో ఉండే 'వాహ్వా' దాని వంత, స్టూడియోలో అది ఎగిరిపోయింది. మిగిలింది తియ్యదనం. ఇళయరాజా హౌ టు నేమ్ ఇట్ (1986) మాటలు లేని సంగీతం. రాత్రి షిఫ్టులో వరుస అయిపోయాక, అందరూ దిగిపోయాక, చిన్న టేపు రికార్డరు పెట్టుకుని వినేవాణ్ణి. నా కొలబద్ద దానికి పనికిరాదు. పనికిరాకపోయినా అది నాకు ఇష్టం.

గద్దర్ క్యాసెట్ల గురించి రాయకుండా ఈ ప్రాంతం గురించి రాయలేం. 1972లో మొదలైన జననాట్యమండలి బుర్రకథ, ఒగ్గుకథ, వీధి భాగవతం అన్నింటినుంచీ రూపాలు తీసుకుంది. గద్దర్ అజ్ఞాతంలో ఉన్న 1980ల రెండో సగంలో మనిషి కనపడకపోయినా గొంతు క్యాసెట్ల మీద తిరిగింది. 1990 ఫిబ్రవరిలో ఆయన నిజాం కాలేజీ మైదానంలో జనం ముందుకు వచ్చినప్పుడు, వచ్చినవాళ్ళలో చాలామందికి ఆ పాటలు అప్పటికే నోటికి వచ్చు. రికార్డింగుగా చూస్తే అవి గరుకు. డప్పు దెబ్బకు మైకు పగులుతుంది, దళం గొంతులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, పాట మధ్యలో ఆగి మాట్లాడతాడు, ప్రశ్న వేస్తాడు, జవాబు కోసం ఆగుతాడు. ఆ ఆగిన చోట క్యాసెట్‌లో ఖాళీ ఉంటుంది. మా లైనులో ఆ ఖాళీని ఎవరో ఒకరు నింపేవాళ్ళు. నేను విన్న అన్ని రికార్డుల్లో వినేవాడి కోసం కావాలని ఖాళీ వదిలినవి అవే. ఆయన 2023 ఆగస్టు 6న పోయినప్పుడు ఫోన్లలో మోగింది ఎక్కువగా తర్వాతి కాలపు శుభ్రమైన రికార్డింగులు. వాటిలో ఆ ఖాళీలు లేవు.

ఇక్కడ నా ఆత్మవిమర్శ ఒకటుంది. 1983లో సద్దుల బతుకమ్మ నాడు మా క్వార్టర్ల ముందు ఆడవాళ్ళు ఆడుతుంటే, అరువు తెచ్చిన టేపు రికార్డరుతో అరవై నిమిషాల క్యాసెట్ రెండు వైపులా రికార్డు చేశాను. ముందు పాడింది మా అవ్వ. మంథని వైపు పల్లెలో నాట్లు వేస్తూ నేర్చుకున్న పాటలు, బొగ్గుబాయిల దగ్గరికి వచ్చాక తాను కలిపినవి. వాటిలో ఒకటి షిఫ్టు సైరన్ మీద. మిగతావాళ్ళు 'ఉయ్యాలో' అని అందుకునేవాళ్ళు. మీట నొక్కుతుంటే అవ్వ అడిగింది: "ఏందిరా, గా డబ్బల మేమందరం పడుతమా?" పడతారన్నాను. మరుసటి ఏడాది ఒక మిత్రుడు రెండు రోజులకని గద్దర్ క్యాసెట్ ఒకటి ఇచ్చాడు. ఖాళీ క్యాసెట్ కొనడానికి జీతం ఇంకా రాలేదు. అవ్వ పాటల మీద దాన్ని ఎక్కించుకున్నాను.

ఏమాత్రం వెనకాడలేదు. ఒకటి ప్రజల పాట, ఇంకొకటి పండుగ పాట అని నా బుర్రలో స్పష్టమైన గీత ఉండేది. అవ్వ పాటలు ఎప్పుడంటే అప్పుడు మళ్ళీ రికార్డు చేసుకోవచ్చుననుకున్నాను. 1991లో ఆమె పోయేదాకా ఆ 'ఎప్పుడంటే అప్పుడు' రాలేదు. ఇవాళ నేను ఎక్కించుకున్న ఆ గద్దర్ పాటలన్నీ ఏ పిల్లవాడి ఫోన్‌లోనైనా దొరుకుతాయి. సైరన్ మీద పాట ఎక్కడా లేదు.

ఇది నా ఒక్కడి తప్పే ఐతే పత్రికకు ఎక్కించేవాణ్ణి కాదు. మనం పాటను అచ్చువేసే తీరు చూడండి. బిరుదురాజు రామరాజు జానపద గేయ సాహిత్యం మీద చేసిన పరిశోధన 1958లో అచ్చయింది, అప్పటి నుంచి సేకరణలకు కొదవలేదు. కానీ పాట పేజీ మీదికి రాగానే మొదట పోయేది వంత. 'ఉయ్యాలో' అన్నది మొదటి పాదం దగ్గర ఒకసారి వేసి, తర్వాత చుక్కలు పెడతాం. కాగితం కలిసొస్తుంది. నేనూ అట్లాగే అచ్చువేయించాను. ఆ చుక్కల్లో ఇరవైమంది ఆడవాళ్ళు ఉన్నారు. పాటలో 'వస్తువు' వెదికి, ఆ వస్తువును మోసిన గొంతులను చిత్తుకాగితాల బుట్టలో వేశాం.

వాళ్ళను మోసిన రికార్డులు ప్రపంచంలో లేకపోలేదు. 1950లో అమెరికా ప్రభుత్వం పాల్ రోబ్సన్ పాస్‌పోర్టు లాక్కుంది. దేశం దాటలేని ఆ గాయకుణ్ణి సౌత్ వేల్స్ బొగ్గు కార్మికులు తమ ఉత్సవానికి పిలిచారు. 1957 అక్టోబరులో ఆయన న్యూయార్కు స్టూడియోలో నిలబడి, సముద్రం అడుగున వేసిన టెలిఫోన్ తీగ మీదుగా పోర్త్‌కాల్ పట్టణంలో కూర్చున్న వాళ్ళకు పాడాడు. అదే తీగ మీద వాళ్ళ బృందగానం ఆయనకు తిరిగి వినిపించింది. గని కార్మికుల సంఘం దాన్ని రికార్డుగా తెచ్చింది. ధ్వని నాణ్యత మాట అటుంచండి. పాడినవాడూ వంత పాడినవాళ్ళూ వేల మైళ్ళ దూరంలో ఉండి కూడా ఒకే ప్లేటు మీద ఉన్నారు. 1961లో బి.బి.సి. రేడియోలో చార్లెస్ పార్కర్, యువన్ మెకాల్, పెగీ సీగర్ చేసిన ది బిగ్ హ్యూయర్ అనే కార్యక్రమంలో గని కార్మికుల మాటలనే, వాళ్ళ గొంతులతోనే, పాటల మధ్య పేర్చారు. మనకూ టేపు ఉంది, గొంతులున్నాయి. సింగరేణి కార్మికుల గొంతులతో అలాంటిది తెలుగులో నేను వినలేదు.

తర్వాతి కాలం గురించి తొందరగా చెప్పేస్తాను, అందరికీ తెలిసిందే. 1994 ఎర్రసైన్యం, 1997 ఒసేయ్ రాములమ్మ క్యాసెట్లు మా ఊళ్ళో ప్రతి పాన్ డబ్బా మీదా మోగాయి. వందేమాతరం శ్రీనివాస్ గొంతులో నిజమైన వేడి ఉంది. ఐతే కోరస్ జీతానికి వచ్చింది. జనం సంఖ్య చేయవలసిన పనిని శబ్దం ఎత్తు చేసింది. 2002 నుంచి ధూంధాంలు వంతను మళ్ళీ వేదిక ఎక్కించాయి. 2011 సెప్టెంబరులో సకల జనుల సమ్మెలో బొగ్గు కార్మికులు కూడా దిగినప్పుడు, చౌరస్తాలో స్పీకర్లో పాట అయిపోయినా కింద జనం ఆపకుండా పాడటం నేను విన్నాను. ఆ ఏడాదే వచ్చిన జై బోలో తెలంగాణ సినిమా పాటల కన్నా ఆ కరెంటు పోయిన అయిదు నిమిషాలు నాకు బాగా గుర్తు.

పది ఆల్బమ్‌లు అడిగిన మిత్రుడు కిందటి నెల ఇంటికి వచ్చాడు. పైన రాసిన సంగతులే అతనికి చెప్పాను. పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానని తీగా, యంత్రమూ వెంట తెచ్చుకున్నాడు. ఆ గద్దర్ క్యాసెట్ కూడా పెట్టాడు. నేను లేచి వెళ్ళిపోయాను, అది నాకు తెలిసిందే గదా అని. కాసేపటికి అతను పిలిచాడు. నేను ఎక్కించుకున్నది రెండో వైపు నిండలేదు. పాట అయిపోయి, మీట ఆగిన టక్కుమన్న చప్పుడు, దాని వెనక దాదాపు నాలుగు నిమిషాలు అవ్వ. సైరన్ పాట కాదు, అది అంతకుముందే పోయింది. ఇది వాయినం పంచే ముందు పాడే మామూలు పాట. దూరంగా ఒక కుక్క, ఎవరో బిడ్డను కసురుకోవడం, ఆడవాళ్ళ 'ఉయ్యాలో'.

వినగా వినగా ఆ వంతలో గొంతులు విడివిడిగా తెలిశాయి. ఒకటి మా పెద్దమ్మ. ఒకటి ఆ పోయిన టింబర్‌మన్ భార్య, ఆమె తర్వాత రెండేళ్ళకు ఊరు విడిచి వెళ్ళింది. ఒకటి ఎదురు క్వార్టర్ ఆమె, ఇప్పుడు జ్యోతినగర్‌లో కొడుకు దగ్గర ఉంది, ఆమెకు వినిపించాలి. నాలుగో గొంతు అందరికన్నా పైనుంది, ప్రతిసారీ అర క్షణం ముందే అందుకుంటుంది. అది ఎవరిదని మిత్రుడు అడిగాడు. మళ్ళీ పెట్టమన్నాను. నాలుగుసార్లు విన్నాం. గుర్తుపట్టలేకపోయాను.